నాటకానికి కత్తులు చేయించాలి, ఎవరికి ఎంత పొడవు?

వాల్తేరు_లలిత
మా బృందం బొబ్బిలి యుద్ధం మీద సొంతంగా రాసుకున్న నాటకం వేస్తోంది. కత్తులు అద్దెకి తెద్దామంటే దొరికినవన్నీ ఒకటే కొలత. మూడున్నర అడుగులు, వెడల్పాటి రేకు, బంగారు రంగు. రాజుకీ అదే, కోట గోడ మీద బంటుకీ అదే, ఆఖరికి పాపారాయుడు రాత్రిపూట డేరాలోకి దూరే సీనుకీ అదే. రిహార్సల్లో ఆ అబ్బాయి కత్తి ఎత్తగానే మొన డేరా గుడ్డలో ఇరుక్కుంది, కింద విజయరామరాజు వేషం వేసినాయన చావడానికి రెడీగా ఎదురుచూస్తున్నాడు. అద్దెకిచ్చే ఆయన్ని అడిగితే "పొడుగుంటేనే వెనక వరసకి కనబడుద్దమ్మా" అన్నాడు. నాకది నచ్చలేదు. సొంతంగా చేయించేద్దాం అనుకుంటున్నాం. గుర్రం మీద, గోడ మీద, డేరాలో, దర్బారులో, ఒక్కో చోట నిజంగా ఎంత పొడవు కత్తి పనికొస్తుంది, ఎందుకు? స్టేజీ మీద ఎంత పెట్టాలి? ఆడపిల్లలు కూడా సైనికుల వేషాలు వేస్తున్నారు, అందులో అయిదడుగుల వాళ్ళున్నారు.

కంచరపాలెం_కుర్రాడు
ఇందులో ఆలోచించడానికి ఏటుంది అక్కా, ఎవడి కత్తి పొడుగైతే వాడిదే పైచేయి. అందరికీ పొడుగువే చేయించండి, డేరా పెద్దది కుట్టించండి.

బీచ్‌రోడ్_బాబ్జీ
డేరా పెద్దది కుట్టించమన్న సలహా ఈ నెలలో బెస్టు 😂

ఖడ్గపాణి
కుర్రాడు చెప్పింది సగం నిజం. బయలులో ఇద్దరే ఎదురెదురుగా నిలబడితే పొడవు చాలా పెద్ద విషయం. ఎదుటివాడు నిన్ను అందుకోకముందే నువ్వు వాణ్ణి అందుకుంటావు. కానీ ఒక్కసారి వాడు నీ మొన దాటి లోపలికొచ్చాడంటే ఆ పొడవే నీకు అడ్డం. కత్తి వెనక్కి లాక్కోవడానికి చెయ్యి చాలదు, అడుగు వెనక్కి వెయ్యాలి, వెనక గోడ ఉంటే పని అయిపోయినట్టే.

ఇంగ్లండులో జార్జ్ సిల్వర్ అని ఒక కత్తిసాము ప్రవీణుడు 1599లోనే దీని మీద గట్టిగా వాదించాడు. కత్తీ కత్తీ పెనవేసుకున్నప్పుడు, అడుగు వెనక్కి వేయకుండా నీ కత్తిని విడిపించుకోగలిగేంత పొడవే సరైన పొడవు అన్నాడు. అంతకంటే పొడుగైతే ఇరుక్కుంటావు, పొట్టిదైతే అందుకోలేవు. అప్పట్లో అక్కడ మూడడుగులు దాటిన సన్నటి రేపియర్ కత్తుల మోజు నడుస్తోంది, ఆయన కోపం అంతా వాటి మీదే. ఆయన లెక్క అంగుళాల్లో మొదలవదు, మనిషి చేతితో మొదలవుతుంది, నాకు నచ్చింది అదే.

మీ నాటకానికి వస్తే, ఆ కాలంలో మన దగ్గర బాగా వాడుకలో ఉన్నది తల్వారు అనే వంపు కత్తి. బ్లేడు మామూలుగా 75 నుంచి 85 సెంటీమీటర్లు, అంటే 30-33 అంగుళాలు. బరువు ఒక కిలో చుట్టుపక్కల. ఎడంచేతిలో డాలు. కాలినడక బంటుకి అది చాలు.

కంచరపాలెం_కుర్రాడు
ఆ డాలు ఉంది కాబట్టే పొట్టి కత్తి సరిపోయింది. డాలు తీసేస్తే?

ఖడ్గపాణి
మంచి ప్రశ్న. డాలు ఉన్నవాడు దగ్గరికి వెళ్ళడానికి భయపడడు, దెబ్బ డాలు మీద తీసుకుని లోపలికి దూరతాడు, అక్కడ పొట్టి కత్తే చురుగ్గా ఆడుతుంది. రోమన్ కాల్బలం అంతా దీని మీదే నడిచింది. పెద్ద డాలు, పక్కపక్కనే మనుషులు, చేతిలో గ్లాడియస్ అనే పొట్టి కత్తి. మొదట్లో దాని బ్లేడు 60 సెంటీమీటర్లు దాటి ఉండేది, తర్వాత పాంపే రకం వచ్చేసరికి ఇంకా తగ్గి 50 దగ్గరికి వచ్చింది. అదే సైన్యంలో గుర్రం మీదవాడికి మాత్రం పొడుగాటి స్పాథా. దేశమూ అదే, కాలమూ అదే, మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి కొలత మారిపోయింది.

డాలు తీసేస్తే రెండు చేతులతో పట్టే కత్తి వస్తుంది, అప్పుడు పొడవు పెంచుకోవచ్చు, ఎందుకంటే బరువు మొయ్యడానికీ తిప్పడానికీ రెండో చెయ్యి ఉంది. యూరప్ లాంగ్‌సోర్డ్ అలాంటిదే. 15వ శతాబ్దంలో ఫిలిప్పో వాడి అనే ఇటలీ గురువు, కత్తి మొన నేల మీద పెడితే పిడి చివర చంక దాకా రావాలని రాశాడు.

కర్రసాము_అప్పన్న
మా దగ్గరా అంతే. కర్ర ఎంత ఉండాలి అంటే అడుగుల్లో చెప్పరు, నుదుటి దాకా అంటారు. పొట్టివాడి కర్ర పొట్టిగానే ఉంటుంది. వేరేవాడి కర్రతో సాము చేస్తే తిప్పేటప్పుడు చివర నేలకి కొడుతుంది, లేదా మడమకి తగులుతుంది. లలిత గారూ, ముందు మీవాళ్ళ ఎత్తులు రాసుకోండి, ఆ తర్వాతే కత్తి.

ఫెన్సింగ్_నాన్న
మా అమ్మాయి ఫెన్సింగ్ నేర్చుకుంటోంది కాబట్టి ఆటలో కొలతలు చెప్తాను. ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు రకాల కత్తులుంటాయి. ఫాయిల్, ఎపే బ్లేడు 90 సెంటీమీటర్లకి మించకూడదు, పిడితో కలిపి 110. సేబర్ బ్లేడు 88, మొత్తం 105. బరువు ఫాయిల్, సేబర్ 500 గ్రాముల లోపు, ఎపే 770 లోపు. కుర్రాడు అన్నట్టు పొడవుతో లాభం ఉంది కాబట్టే రూలు పెట్టి కట్టేశారు, లేకపోతే ప్రతివాడూ ఏడాదికో అంగుళం పెంచుకుంటూ పోయేవాడు.

పిల్లలకి వేరే. బ్లేడుకి 0 నుంచి 5 దాకా సైజులుంటాయి, పెద్దవాళ్ళది 5. మా అమ్మాయి 2 సైజుతో మొదలుపెట్టింది, అది 82 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. తేడా ఏడెనిమిది సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది కానీ చిన్న చేతికి చివరి ఆ కాస్త పొడవే భారం. కొంతమంది తల్లిదండ్రులు "ఎలాగూ ఎదుగుతుంది కదా" అని చెప్పుల్లాగా ఒక సైజు ఎక్కువ కొంటారు. ఆ పిల్లల మొన ఎప్పుడూ కిందికి వాలిపోయి ఉంటుంది, దాన్ని లేపడానికి భుజం బిగబట్టేస్తారు, తర్వాత ఆ అలవాటు మాన్పించడానికి కోచ్‌కి తలప్రాణం తోకకొస్తుంది.

గాజువాక_గణేష్
భవానీ దేవి ఆడేది సేబరే కదా?

ఫెన్సింగ్_నాన్న
అవును, సేబరే. ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయ ఫెన్సర్, టోక్యోలో ఆడింది. మొదటి మ్యాచ్ 15-3తో గెలిచింది. మా అమ్మాయి గదిలో ఆవిడ ఫోటోనే ఉంది.

కంచరపాలెం_కుర్రాడు
మరి అందరికీ ఒకే పొడవు రూలు పెట్టేస్తే పొడుగు చేతులోడికే లాభం కదా, పొట్టోడి సంగతేటి?

ఫెన్సింగ్_నాన్న
ఎపేలో ఆ తేడా బాగా తెలుస్తుంది, ఒళ్ళంతా టార్గెట్టే కాబట్టి. దానికి పిడిలో ఒక మార్గం ఉంది. ఫ్రెంచ్ గ్రిప్ అని సాదా పిడి ఒకటి, దాన్ని చివర పట్టుకుంటే కొన్ని సెంటీమీటర్లు కలిసొస్తుంది. కానీ అంత చివర పట్టుకుంటే ఎదుటివాడు గట్టిగా కొట్టినప్పుడు కత్తి పక్కకి పోతుంది. పిస్టల్ గ్రిప్‌లో పట్టు గట్టిగా ఉంటుంది, ఆ అదనపు పొడవు మాత్రం రాదు. రెండూ కావాలంటే కుదరదు.

నేవీ_తాత
ఓడ సంగతి ఎవరూ ఎత్తలేదు. వైజాగ్‌లో కూర్చుని ఆ మాట నేనే చెప్పాలి. తెరచాపల కాలంలో శత్రువు ఓడ మీదకి దూకి కొట్టుకునేవాళ్ళు. డెక్కు మీద తాళ్ళు, స్తంభాలు, ఫిరంగులు, జనం. అక్కడ మూడున్నర అడుగుల కత్తి ఎత్తితే ముందు తాడే తెగుతుంది. అందుకే కట్‌లాస్ అనే పొట్టి కత్తి. బ్రిటిష్ నేవీ 1804 మోడల్‌ది 29 అంగుళాల బ్లేడు, తిన్నగా, మందంగా, చేతికి ఇనప కవచం. నావికుడికి ఏళ్ళ తరబడి కత్తిసాము నేర్పే తీరిక ఉండదు, దొరికిన జాగాలో కొట్టగలగాలి, అవసరమైతే ఆ పిడితోనే ముఖం మీద గుద్దగలగాలి.

మెట్లు దిగి కింద డెక్కులోకి వెళ్తే అదీ ఎక్కువే. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గుండ్రటి తలుపుల్లోంచి మనిషి వంగి దూరడమే కష్టం, అక్కడ నిలబడి తల మీదుగా చెయ్యి తిప్పి చూడండి, అర్థమవుతుంది. లలితమ్మా, మీ డేరా కూడా అలాంటిదే. లోపల నడిమి రాట, పక్కన తాళ్ళు, మంచం, దీపం. అక్కడ కత్తి ఎత్తకూడదు, పొడవాలి.

బీచ్‌రోడ్_బాబ్జీ
తాతగారూ, ఇప్పుడు ఆఫీసర్లు పరేడ్‌లో పట్టుకునే కత్తి దేనికి మరి?

నేవీ_తాత
అది మర్యాదకి. సెల్యూట్ చేసి దించినప్పుడు మొన చక్కగా కిందికి వాలాలి, పక్కవాడి బూటుకి తగలకూడదు, వరస మొత్తం ఒకేలా కనబడాలి. అదీ ఒక అవసరమే బాబూ, తక్కువ చెయ్యకు.

విజయనగరం_వాణి
కథ గురించి ఒక మాట, నేను చరిత్ర పాఠాలు చెప్తాను కాబట్టి. కోట పడిపోయింది 1757 జనవరి 24న. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం, విజయనగరం రాజు విజయరామరాజు సైన్యం ఒకవైపు, బొబ్బిలి రాజు రంగారావు ఒకవైపు. పాపారాయుడు ఆ రోజు కోటలో లేడు, రాజాంలో ఉన్నాడు. తర్వాత డేరాలోకి దూరి విజయరామరాజుని చంపి తనూ అక్కడే ప్రాణం వదిలాడు. మా ఇళ్ళల్లో చెప్పుకునే కథలోనూ అక్కడ బాకే వస్తుంది. తాతగారు చెప్పిన కారణానికి నేను ఇంకోటి కలుపుతాను. కాపలావాళ్ళ మధ్యలోంచి దొంగతనంగా వెళ్ళాలి, మూడడుగుల ఒర నడుముకి వేలాడుతూ ఉంటే పాకడం ఎలా? నడికట్టులో దాచుకునేది కావాలి.

లలితా, ఆ సీనులో దయచేసి పెద్ద కత్తి పెట్టకు. అంత తెగువ ఉన్న మనిషిని చూపించేటప్పుడు చేతిలో పొట్టి ఆయుధం ఉంటేనే ఆ తెగువ తెలుస్తుంది. ఎంత దగ్గరికి వెళ్ళాలో జనానికి కనబడుతుంది కదా.

వాల్తేరు_లలిత
వాణి అక్కా, ఈ మాట మా డైరెక్టర్‌కి చదివి వినిపించాను, వెంటనే ఒప్పుకున్నాడు. డేరాలో బాకే. మొత్తం పొడవు ఎంత పెట్టమంటారు?

ఖడ్గపాణి
పిడితో కలిపి 35-40 సెంటీమీటర్లు పెట్టండి. అంతకంటే చిన్నదైతే నిజంగానే వెనక వరసకి కనబడదు, ఆ విషయంలో అద్దె ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేం. బ్లేడు వంపుగా ఉంటే పక్క నుంచి వెలుతురు పడి ఇంకా బాగా కనబడుతుంది.

సీతమ్మధార_సుధ
కోట గోడ సీను గురించి ఎవరూ చెప్పలేదు. ఫ్రెంచివాళ్ళ చేతిలో తుపాకీకి చివర తగిలించే కత్తి, బాయొనెట్ ఉంటుంది కదా, దానికి ఎదురుగా కత్తి పట్టుకున్నవాడి పరిస్థితి ఏంటి?

ఖడ్గపాణి
ఇది చాలా ముఖ్యం, నాటకంలో బాగా వాడుకోవచ్చు. ఆ కాలపు ఫ్రెంచి తుపాకీ ఒక్కటే దాదాపు 5 అడుగులు. బాయొనెట్ తగిలిస్తే 6 అడుగులు దాటుతుంది, అంటే అది బల్లెమే. 30 అంగుళాల తల్వారు పట్టుకున్నవాడు బయలులో దానికి ఎదురు నిలబడితే చాలా కష్టం. కానీ గోడ మీద లెక్క వేరు. నిచ్చెన ఎక్కి వచ్చేవాడికి ఒక చెయ్యి నిచ్చెన మీదే ఉండాలి, రెండు చేతులూ కావాల్సిన తుపాకీ వాడికి అప్పుడు బరువు తప్ప ఇంకేం కాదు. పైనున్నవాడికి బల్లెం ఉంటే దూరం నుంచే తోసేస్తాడు, గోడ ఎక్కేసినవాడి మీద తల్వారు. అందుకని గోడ మీద సగం మందికి బల్లేలు, సగం మందికి కత్తులు ఇవ్వండి. అందరికీ కత్తులే ఇస్తే అది కోట కాపాడుకోవడంలా ఉండదు.

కంచరపాలెం_కుర్రాడు
అంటే పొడుగుదే గెలిచింది కదా, బల్లెం రూపంలో 😎

ఖడ్గపాణి
గోడ మీద గెలిచింది, డేరాలో ఓడిపోయింది. నేను మొదటి నుంచీ చెప్పేది అదే తమ్ముడూ.

సింహాచలం_శివ
గుర్రం సంగతి? మావాళ్ళు స్టేజీ మీద కీలుగుర్రాలు కట్టుకుని దిగుతారు, చూడముచ్చటగా ఉంటుంది.

ఖడ్గపాణి
గుర్రం మీద కూర్చున్నవాడు కింద నిలబడ్డవాణ్ణి అందుకోవాలి, వాడు కూర్చున్నా పడుకున్నా వదలకూడదు. అందుకని పొడవు పెరుగుతుంది. బ్రిటిష్ లైట్ కావల్రీ 1796 సేబర్ 33 అంగుళాల వంపు కత్తి, నరకడానికి. తర్వాత 1908 మోడల్ వచ్చేసరికి 35 అంగుళాలు, తిన్నగా, పొడవడానికి మాత్రమే. గుర్రం పరుగే బలం ఇస్తుంది, చెయ్యి ముందుకి చాచి పట్టుకుంటే చాలు. కానీ గుర్రం మీద కూడా హద్దు ఉంది, మరీ పొడుగైతే తిప్పేటప్పుడు సొంత గుర్రం చెవికే తగులుతుంది.

మరాఠాల పట్టా కత్తి చూసే ఉంటారు, మోచేతి దాకా ఇనప తొడుగు, దాని చివర పొడుగాటి బ్లేడు. మీటరు దాటినవీ ఉన్నాయి. అందులో మణికట్టు వంగదు, భుజం నుంచి మొత్తం చెయ్యే కత్తి అయిపోతుంది. చుట్టూ జాగా ఉంటే చాలామందిని దూరంగా ఆపుతుంది, జాగా లేకపోతే దానంత ఇబ్బంది ఇంకోటి లేదు. మీ స్టేజీ మీద వద్దు.

గాజువాక_గణేష్
జపాన్ కత్తులు నడుముకి రెండు ఉంటాయి కదా, అదీ ఇదే కారణమా

ఖడ్గపాణి
చాలావరకు. కటానా బ్లేడు 60 సెంటీమీటర్లు దాటి ఉంటుంది, వాకిజాషి 30-60 మధ్య. ఎవరింటికైనా వెళ్తే పెద్దది బయట ఇచ్చేసి చిన్నది నడుముకే ఉంచుకునేవాళ్ళు. తక్కువ ఎత్తు పైకప్పు కింద అదే పనికొస్తుంది. 90 దాటిన ఓడాచీలు కూడా ఉన్నాయి, కానీ అవి నడుముకి కట్టుకుని దూసేవి కాదు, భుజాన వేసుకెళ్ళేవి.

ఫెన్సింగ్_నాన్న
దూయడం అంటే గుర్తొచ్చింది, లలిత గారూ, ఒరలోంచి తీసే సీను ఉందా? ఉంటే అది ముందు పరీక్షించండి. చెయ్యి ఎంత చాపినా చివరి మూడు నాలుగు అంగుళాలు ఒరలోనే ఉండిపోతాయి, మనిషి నడుము తిప్పుతూ మెలికలు తిరుగుతాడు. ఎడంచేత్తో ఒర మూతి పట్టుకుని వెనక్కి లాగుతూ కుడిచేత్తో కత్తి ముందుకి లాగితే బయటికొస్తుంది. అలా చేసినా రాలేదంటే ఆ మనిషికి ఆ కత్తి పొడుగు అని అర్థం. వంపు కత్తి కొంచెం సులువుగా వస్తుంది.

వాల్తేరు_లలిత
ఉంది. దర్బారు సీనులో రంగారావు ఒక్కసారిగా దూయాలి. ఆ అబ్బాయి 5 అడుగుల 4 అంగుళాలు. ఎంత పెట్టాలి?

సీతమ్మధార_సుధ
నేను ఇయాయ్‌డో, అంటే ఒరలోంచి కత్తి దూసే జపాన్ విద్య, నేర్చుకున్నాను, అక్కడ మొదటి లెక్క ఇది: ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని 90 తీసేయండి, వచ్చినది బ్లేడు పొడవు. 5 అడుగుల 4 అంగుళాలంటే 162, కాబట్టి 72. మీ అయిదడుగుల అమ్మాయిలకి 152 లోంచి 90 పోతే 62. ఇది రెండు చేతులతో పట్టే కత్తి లెక్క, కానీ దూయడం ఒంటిచేత్తోనే కాబట్టి మీ పనికి సరిపోతుంది. నా ఎత్తూ దాదాపు అంతే. నాకు 70 పైన ఇచ్చినప్పుడు నరకడం బాగానే ఉండేది, ఒరలో తిరిగి పెట్టేటప్పుడే నరకం.

ఇంకో సులువైన పద్ధతి, కత్తి పట్టుకుని చెయ్యి కిందికి వదిలేయండి, మొన నేలకి తగలకూడదు, కాస్త పైన ఆగాలి. రెండు లెక్కలూ కొంచెం అటూ ఇటూగా ఒకే చోటికి వస్తాయి.

కర్రసాము_అప్పన్న
ఆ రెండోది మా కత్తిసాములో కూడా చెప్తారు. నడుస్తుంటే మొన నేల గీరకూడదు.

లా_పాయింట్
మధ్యలో ఒక మాట. ఆయుధాల నిబంధనల్లో కత్తులు, బాకులు, 9 అంగుళాలు దాటిన లేదా 2 అంగుళాలు మించి వెడల్పున్న బ్లేడు ఉన్న ఇలాంటివన్నీ ఆయుధాల కిందకే వస్తాయి, వంటింటివీ పొలంపనివీ కాకుండా. మీవి పదును లేని నాటకం కత్తులే అయినా దూరం నుంచి చూసే కానిస్టేబుల్‌కి ఆ తేడా తెలియదు. బర్త్‌డే కేకు కత్తితో కోసి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళ వార్తలు చూస్తూనే ఉన్నాం. కాబట్టి బైకు వెనక పట్టుకుని ఊరేగించకండి, పెట్టెలో పెట్టి తాళం వేసి కారులో తీసుకెళ్ళండి. ప్రదర్శన జరిగే చోటి పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. స్టేజీ మీద ఫోటోలు దిగండి, రోడ్డు మీద వద్దు.

కంచరపాలెం_కుర్రాడు
ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది సార్. మా వీధిలో వినాయక చవితి ఊరేగింపులో ఒకడు అట్ట కత్తి తిప్పితేనే గొడవైంది.

ఆటోనగర్_శ్రీను
ఫాబ్రికేషన్ షాపు మాది, నాటకాలకి చాలా చేశాం. పొడవు తేల్చుకునే ముందు బరువు తెలుసుకోండి. 75 సెంటీమీటర్లు పొడవు, 3 వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం పట్టీ తీసుకుంటే ఇనుములో 880 గ్రాములు వస్తుంది, అదే అల్యూమినియంలో 300. పిడి కలిపితే ఇనపది కిలో దాటిపోతుంది. గంటన్నర నాటకంలో కిలో కత్తి తిప్పడం అలవాటు లేనివాడికి కష్టం, అలసిపోయిన చేతిలోనే కత్తి ఎటో పోతుంది. మొన వైపు సన్నం చేసుకుంటూ వెళ్తే బరువు పిడి దగ్గరికొస్తుంది, అప్పుడు అదే కిలో తేలికగా అనిపిస్తుంది.

అల్యూమినియంకి ఒక గుణం ఉంది. కొట్టుకున్న ప్రతిచోటా అంచు నొక్కుకుపోయి చిన్న చిన్న ముళ్ళు లేస్తాయి. కంటికి సరిగ్గా కనబడవు, అరచెయ్యి పెట్టి నిమిరితే గీసుకుంటుంది. ప్రతి రిహార్సల్ తర్వాత ఒక మనిషి కూర్చుని ఆకురాయితో రుద్ది, వేలితో తడిమి చూడాలి. పదును లేదు కదా అని వదిలేస్తే ఆ ముళ్ళే తోలు లేపుతాయి. నిజంగా కత్తీ కత్తీ కలిసే జంటలకి లారీ కమాను పట్టీ సాగగొట్టి చేస్తాం, అంచు 3 మిల్లీమీటర్లు ఉంచి గుండ్రం చేస్తాం, మొన కూడా రూపాయి బిళ్ల అంచంత గుండ్రంగా ఉండాలి. మిగతా గుంపుకి అల్యూమినియం చాలు.

వాల్తేరు_లలిత
శ్రీను గారూ, కనబడడం సంగతి? డైరెక్టర్ ఇంకా 36 అంగుళాలే అంటున్నాడు.

ఆటోనగర్_శ్రీను
కనబడేది పొడవు వల్ల కాదండి, మెరుపు వల్ల. బంగారు రంగు వేస్తే లైటులో మసకగా ఉంటుంది. ఇనప రంగే ఉంచి బఫ్ చేస్తే 28 అంగుళాలది కూడా చివరి వరస దాకా తళుక్కుమంటుంది. ఇంకోటి, కత్తి పెరిగేకొద్దీ ఇద్దరూ అంత దూరంగా నిలబడాలి. ఎదుటివాడి ఒంటికి మొన అందని దూరంలో ఉండి కొట్టుకోవాలి కదా. నాలుగు జంటలు ఒకేసారి కొట్టుకుంటే స్టేజీ సరిపోదు, వెనక జంట మోచెయ్యి ముందు జంట కత్తికి వస్తుంది. మీ స్టేజీ వెడల్పు, లోతు కొలిచి తెండి.

ఫెన్సింగ్_నాన్న
శ్రీను గారి మాటకి ఇంకోటి. జంటలో ఇద్దరి కత్తులూ ఒకే పొడవు ఉంటే మంచిది, ఎత్తులు తేడాగా ఉన్నా సరే. లేకపోతే ఒకడు కొలత మర్చిపోయి పొట్టి కత్తి దూరంలో నిలబడి పొడుగు కత్తి తిప్పుతాడు. పొట్టివాళ్ళకి సరిపోయే కొలతే ఇద్దరికీ పెట్టండి.

సీతమ్మధార_సుధ
దీనికి నేను ఒప్పుకోను. బంట్ల గుంపుకి సరే. కానీ రంగారావుకీ అతని ఎదుటి ఫ్రెంచి ఆఫీసర్‌కీ తేడా కనబడాలి. ఒకడిది వంపు తల్వారు, ఒకడిది తిన్నటి సన్నటి కత్తి. దూరం తేడా ఉంటేనే ఆ పోరాటంలో పట్టు ఉంటుంది, ఒకడు దూరం పెట్టాలని చూస్తాడు, ఒకడు దూరాలని చూస్తాడు. ఆ ఒక్క జంటతో ఎక్కువ రిహార్సల్ చేయించండి.

ఫెన్సింగ్_నాన్న
ఒక్క జంట, బాగా సాధన చేస్తారు అంటే ఒప్పుకుంటాను. గుంపులో మాత్రం వద్దు.

విజయనగరం_వాణి
బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది కదా, డచ్చి బంగళాలో. పాత ఆయుధాలు ఉన్నాయి. మీ బృందాన్ని ఒకసారి తీసుకెళ్ళు లలితా, పిడులు ఎంత చిన్నవో పిల్లలు చూడాలి. తల్వారు పిడిలో మన పిడికిలి బిగుసుకుపోతుంది, వెనక ఆ బిళ్ల మణికట్టుని ఎక్కువ తిరగనివ్వదు, అందుకే దాన్ని భుజం నుంచి లాగి కోస్తారు. అద్దె కత్తులకి ఆరంగుళాల పిడి పెడతారు, ఆ పిడితో తల్వారు దెబ్బ రాదు.

వాల్తేరు_లలిత
పిడి సంగతి అసలు ఆలోచించలేదు, చాలా మంచి మాట అక్కా. ఇప్పటికి ఇలా అనుకున్నాం. అన్నీ సెంటీమీటర్లలో, అమ్మాయిల గుంపుకి బ్లేడు 62, మిగతా బంట్లకి 70, జంటలు మాత్రం ఒకే కొలతవాళ్ళనే కలుపుతాం. రంగారావుకి 72 వంపు కత్తి, కీలుగుర్రాల మీద ఇద్దరికి 82. గోడ మీద ఆరుగురికి బల్లేలు. డైరెక్టర్ 36 అంగుళాల పట్టు వదిలాడు, 28 అంగుళాల పట్టీ ఒకటి బఫ్ చేయించి లైటు కింద చూపించాక. బాకు 38. శ్రీను గారూ, ఒరలు కూడా మీరే చేస్తారా? రంగారావుది, బాకుది చాలు.

ఆటోనగర్_శ్రీను
రేకు ఒర చేస్తాను, పైన గుడ్డ మీరు కుట్టించుకోండి. వంపు కత్తికి ఒర ముందే చేయడం కుదరదు, కత్తి తయారయ్యాక దాని మీదే కొలత తీయాలి, లోపల రెండు మిల్లీమీటర్లు వదులు ఉంచాలి, లేదంటే మీ దర్బారు సీనులో పట్టేస్తుంది. రంగారావు అబ్బాయిని కూడా షాపుకి తీసుకురండి, అట్ట ముక్క మీద వంపు గీసి, అతని నడుముకి కట్టి, దూసి చూశాకే పట్టీ కోస్తాను. ఆదివారం షాపు ఉండదు, శనివారం పొద్దున్నే వచ్చేయండి.